రణక్షేత్రాల పరిరక్షణకు శాసనకర్తల తోడ్పాటు ఆవశ్యకం: కౌలాస్ దుర్గం నేర్పుతున్న పాఠం

(ప్రత్యేక వ్యాసం)

జుక్కల్ (కామారెడ్డి జిల్లా): కోటకు గోడ ఉంటుంది. గుడికి గోపురం ఉంటుంది. శాసనానికి రాయి ఉంటుంది. యుద్ధం జరిగిన చోటికి మాత్రం ఆనవాలుగా మిగిలేది చాలావరకు ఆ నేల ఒక్కటే. ఆ నేలపై మరుసటి ఏడు పైరు లేస్తుంది, వందేళ్లకు ఊరు లేస్తుంది, ఆపై అక్కడ ఏమి జరిగిందో చెప్పగలవారు ఉండరు. కట్టడాలను కాపాడేందుకు మన దేశంలో నూరేళ్లకు పైబడి చట్టాలు ఉన్నాయి. రణక్షేత్రాన్ని రణక్షేత్రంగానే గుర్తించి కాపాడే ఏర్పాటు మాత్రం వాటిలో స్పష్టంగా లేదు. ఈ లోటును పూరించగలిగినది శాసనసభ. భూమి రాష్ట్ర జాబితాలోని అంశం కావడం, జాతీయ ప్రాముఖ్యం పొందని చారిత్రక కట్టడాల బాధ్యత రాష్ట్రాలదే కావడం ఇందుకు కారణాలు. కామారెడ్డి జిల్లా బాన్సువాడ రెవెన్యూ డివిజన్‌లోని జుక్కల్ మండలంలో ఉన్న కౌలాస్ దుర్గం చరిత్రను పరిశీలిస్తే ఈ విషయం చక్కగా బోధపడుతుంది.

మూడు రాజ్యాల సరిహద్దు దుర్గం

తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక రాష్ట్రాలు కలిసే మూలకు చేరువలో, కొండపై వెలసిన దుర్గం కౌలాస్. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ భాషలు నాలుగూ వినవచ్చే ప్రాంతమిది. కోటలో దర్వాజాలు, బురుజులు, ఫిరంగులు నేటికీ కనిపిస్తాయి. కోటలోనూ పరిసరాల్లోనూ ఆలయాలు, దర్గాలు ఉన్నాయి. కొండ దిగువన పారే వాగుపై నిర్మించిన కౌలాస్ నాలా జలాశయం ఈ ప్రాంత రైతులకు సాగునీటి ఆధారం. సోయా, కంది, పత్తి పండే ఈ చేలే ఒకప్పుడు సేనలు విడిది చేసిన మైదానాలు.

కౌలాస్ ప్రాముఖ్యం దాని ఉనికిలో ఉంది. గోదావరి, మంజీర నదుల నడుమ నుండి తెలంగాణలోకి దిగే సేనలకు ఇది వాకిలి వంటిది. అందువల్లనే కాకతీయ సామ్రాజ్యం పతనమైన తరువాత తలెత్తిన తొలి సరిహద్దు తగాదా దీని చుట్టూనే నడిచింది. బహమనీ రాజ్య స్థాపకుడు అల్లావుద్దీన్ హసన్ బహమన్ షా 1350లో తెలంగాణపై దండెత్తినప్పుడు, ఓరుగల్లు నేలుతున్న ముసునూరి కాపయ నాయకుడు కౌలాస్ దుర్గాన్ని వదులుకొని సంధి చేసుకోవలసి వచ్చింది. బహమన్ షా మరణానంతరం 1358లో మొదటి మహమ్మద్ షా సింహాసనమెక్కాడు. అప్పుడు కాపయ నాయకుడు కౌలాస్‌ను తిరిగి ఇవ్వవలసిందిగా కోరాడని, దానిని చేజిక్కించుకునేందుకు తన కుమారుడు వినాయక దేవుని సేనతో పంపాడని, ఆ ప్రయత్నం విఫలమైందని ఫెరిష్తా చరిత్ర పేర్కొంటున్నది. తదుపరి పోరాటాలలో వినాయక దేవుడు ప్రాణాలు కోల్పోయాడు. గోల్కొండ సైతం బహమనీల వశమై, రెండు రాజ్యాల మధ్య ఎల్లగా నిలిచింది. కౌలాస్ వద్ద మొదలైన ఎల్ల తగాదా కొద్ది ఏళ్లలోనే గోల్కొండ దాకా జరిగిందన్నమాట.

బహమనీ రాజ్యం ముక్కలైన తరువాత కౌలాస్ మరోమారు సరిహద్దు కోటగా మారింది. ఒకవైపు గోల్కొండ కుతుబ్ షాహీలు, మరొకవైపు బీదరు బరీద్ షాహీలు దీనికోసం పోరాడారు. 1687లో గోల్కొండ మొగలాయీల వశం కావడం, ఆపై అసఫ్ జాహీల పాలన ఏర్పడడంతో దుర్గం నిజాం రాజ్యంలో చేరింది. రాజపుత్ర వంశీయుల ఏలుబడిలో కౌలాస్ ఒక సంస్థానంగా కొనసాగింది.

1857లో కౌలాస్

ప్రథమ స్వాతంత్ర్య సమరంలోనూ కౌలాస్‌కు స్థానముంది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో హైదరాబాదులోని బ్రిటిష్ రెసిడెన్సీపై దాడి జరిగిన సంగతి విదితమే. ఆ దాడి విఫలమైన తరువాత కూడా నిజాం రాజ్యపు పడమటి జిల్లాలలో అలజడి సమసిపోలేదు. నానాసాహెబు సందేశంతో దక్కనుకు తిరిగివచ్చిన రంగారావు పాగే, స్థానిక జాగీర్దారులను కూడగట్టేందుకు యత్నించాడు. ఆ యత్నానికి అండగా నిలిచినవారిలో కౌలాస్ రాజా దీప్ సింగ్ ఒకరు. 1859లో ఈ ప్రయత్నం వెల్లడి కాగా రంగారావుకు అండమాన్ ప్రవాస శిక్ష పడింది. దీప్ సింగ్ కారాగారం పాలయ్యాడు, ఆయన జాగీరు జప్తు అయింది.

హైదరాబాదులోని రెసిడెన్సీ భవనం కోఠిలో నేటికీ నిలిచి ఉంది, దాడి జ్ఞాపకానికి సమీపాన స్తూపమూ ఉంది. రాజధానికి దూరంగా, రాష్ట్రపు అంచున ఉన్న కౌలాస్ పేరు మాత్రం 1857 చరిత్రలో ఒకటి రెండు వాక్యాలకే పరిమితమైంది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు నిబంధన అమలులోకి వచ్చిన తరువాత ఇటువంటి సంస్థానాల కోటలు అనేకం ఆలనాపాలనా చూసేవారు లేక శిథిలమవుతూ వచ్చాయి.

రణక్షేత్రం అంటే కోట మాత్రమే కాదు

సాధారణంగా పరిరక్షణ అనగానే కోట గోడల మరమ్మతు, దర్వాజాల పునరుద్ధరణ, దీపాల అలంకరణ గుర్తుకు వస్తాయి. ఇవన్నీ అవసరమే. అయితే రణక్షేత్రం ఇంతకంటే విశాలమైనది. ముట్టడి వేసిన సేన విడిది చేసిన మైదానం, ఫిరంగులు ఎక్కించిన మిట్ట, సైన్యం దాటిన వాగు రేవు, దాహం తీర్చిన చెరువు, నేలకొరిగిన వారి సమాధులు, వారి పేరిట నిలిపిన వీరగల్లులు అన్నీ కలిస్తేనే అది రణక్షేత్రం అవుతుంది. ఏ దిక్కు నుండి శత్రువు వచ్చాడో, కోట కట్టినవారు ఏ వైపు బురుజును ఎందుకు బలపరిచారో తెలియాలంటే చుట్టూ ఉన్న భూమి రూపురేఖలు చెదరకుండా ఉండాలి. మిట్టను తవ్వి మొరం తరలిస్తే, వాగు గట్టును చదును చేస్తే గోడ నిలిచినా కథ చెడిపోతుంది.

నేలలోపల ఉన్నదీ ముఖ్యమే. ఫిరంగి గుండ్లు, బాణపు ములుకులు, గుర్రపు నాడాలు, నాణేలు ఎక్కడెక్కడ లభించాయో గుర్తిస్తేనే పోరు సాగిన తీరును చరిత్రకారులు నిర్ధారించగలరు. వస్తువు విలువ దానిలోని లోహంలో కాక, అది దొరికిన చోటులో ఉంటుంది. దున్నకంలో బయటపడిన గుండు పాత ఇనుప సామాను కొట్టుకు చేరితే ఆ చోటు చెప్పవలసిన సాక్ష్యం శాశ్వతంగా పోయినట్లే.

తెలుగు నేలపై రణక్షేత్రాలు: ఎక్కడ ఏమి మిగిలింది?

కౌలాస్ ఒంటరి ఉదాహరణ కాదు. రెండు తెలుగు రాష్ట్రాలలోని పోరు భూములను పరికిస్తే, జ్ఞాపకం నిలిచిన చోట అది ఎలా నిలిచిందో, చెరిగిన చోట ఎందుకు చెరిగిందో తెలుస్తుంది.

కారంపూడి (పల్నాడు జిల్లా): పన్నెండవ శతాబ్ది చివరి భాగంలో గురజాల, మాచర్ల పక్షాల మధ్య పల్నాటి యుద్ధం నాగులేటి ఒడ్డున ఇక్కడ జరిగింది. వీరుల గుడి, ఏటేటా కార్తీక మాసంలో జరిగే వీరారాధన ఉత్సవాలు ఈ క్షేత్రాన్ని సజీవంగా నిలిపాయి. ప్రభుత్వ చట్టాల కంటే శతాబ్దాల ముందే ప్రజలు తమ ఆచారంతో ఒక రణక్షేత్రాన్ని కాపాడుకున్న ఉదాహరణ ఇది.

బొబ్బిలి (విజయనగరం జిల్లా): 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజు పెద విజయరామరాజు సేనలు బొబ్బిలి కోటను ముట్టడించగా రాజా రంగారావు, కోటలోని వీరులు, స్త్రీలు ప్రాణత్యాగం చేశారు. తాండ్ర పాపారాయుడు విజయరామరాజును అంతమొందించిన ఉదంతం తెలుగునాట అందరికీ తెలిసినదే. నాటి కోట మిగలలేదు. బొబ్బిలి సంస్థానాధీశులు 1891లో నెలకొల్పిన యుద్ధ స్తంభం ఆ స్థలాన్ని సూచిస్తున్నది.

చందుర్తి (కాకినాడ జిల్లా): 1758 డిసెంబరులో కల్నల్ ఫోర్డు నాయకత్వంలోని ఆంగ్లేయులు, విజయనగరం రాజు ఆనంద గజపతి సేనలు కలిసి ఫ్రెంచివారిని ఇక్కడ ఓడించాయి. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పతనమై ఉత్తర సర్కారులలో ఫ్రెంచి ప్రాబల్యం అంతమైంది. తీరాంధ్ర చరిత్రను మలుపు తిప్పిన ఈ పోరు పేరు పాఠ్యపుస్తకం దాటి వినిపించడం అరుదు.

పద్మనాభం (విశాఖపట్నం జిల్లా): ఈస్టిండియా కంపెనీ పేష్కషు డిమాండును, రాజ్యం విడిచి వెళ్లాలన్న ఆదేశాన్ని ధిక్కరించిన చిన విజయరామ గజపతి 1794 జూలై 10న ఇక్కడ కంపెనీ సేనలతో పోరాడి వీరమరణం పొందాడు. పోరు గంటసేపైనా సాగలేదు. ఆయన స్మారకం ఈ గ్రామంలో ఉంది.

నిర్మల్: గోండు, రోహిల్లా యోధులను కూడగట్టి ఆంగ్లేయులను ఎదిరించిన రాంజీ గోండును, ఆయన అనుచరులను 1860లో ఇక్కడ ఉరితీశారు. ఆ ఉదంతానికి సాక్షిగా నిలిచిన వెయ్యి ఉరుల మర్రి నేడు లేదు. చరిత్రకు చెట్టే ఆనవాలైనప్పుడు, ఆ చెట్టు కూలితే చోటును గుర్తించడం ఎంత కష్టమో ఇది తెలుపుతుంది.

జోడేఘాట్ (కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా): జల్, జంగల్, జమీన్ హక్కుల కోసం పోరాడిన కుమురం భీం 1940లో ఇక్కడ నిజాం బలగాల కాల్పులలో అమరుడయ్యాడు. స్మారకం, గిరిజన మ్యూజియం నెలకొల్పడంతో ఈ పోరుగడ్డ నేడు రాష్ట్రమంతటికీ సుపరిచితం.

వీర బైరాన్‌పల్లి (సిద్దిపేట జిల్లా): 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు గ్రామంపై విరుచుకుపడగా, గ్రామ రక్షక దళం ఊరి బురుజు నుండి ప్రతిఘటించింది. ఆ బురుజు నేటికీ ఊరి నడుమ సాక్షిగా నిలిచి ఉంది.

ఈ జాబితాను గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. జ్ఞాపకం నిలిచిన ప్రతి చోటా ఎవరో ఒకరు పూనుకున్నారు. కారంపూడిలో ప్రజలు, బొబ్బిలిలో సంస్థానాధీశులు, జోడేఘాట్‌లో ఆదివాసులు, ప్రభుత్వం ఆ బాధ్యత వహించారు. పూనుకునేవారు కరువైన చోట పేరు మాత్రమే మిగిలింది. తెలుగువారికి ఎంతో ముఖ్యమైన 1565 జనవరి 23 నాటి యుద్ధాన్నే తీసుకుంటే, దానిని తళ్లికోట యుద్ధమనీ, రక్కసగి–తంగడగి యుద్ధమనీ, బన్నిహట్టి యుద్ధమనీ మూడు పేర్లతో పిలుస్తున్నారు. విజయనగర సామ్రాజ్య గతిని మార్చిన పోరు సరిగ్గా ఏ మైదానంలో జరిగిందన్నది చరిత్రకారుల చర్చకే మిగిలింది. నాడు గుర్తించి నమోదు చేయకపోవడానికి ఇది మూల్యం.

చట్టం ఏమి చెబుతున్నది?

భారత రాజ్యాంగం 49వ అధికరణం జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలను, స్థలాలను కాపాడే బాధ్యతను రాజ్యంపై ఉంచింది. 51ఎ (ఎఫ్) అధికరణం మన మిశ్రమ సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడడం ప్రతి పౌరుని ప్రాథమిక విధిగా పేర్కొన్నది. ఏడవ షెడ్యూలులో జాతీయ ప్రాముఖ్యం గలవిగా పార్లమెంటు ప్రకటించిన కట్టడాలు, స్థలాలు కేంద్ర జాబితాలోని 67వ అంశం. తక్కిన ప్రాచీన, చారిత్రక కట్టడాలు రాష్ట్ర జాబితాలోని 12వ అంశం. తక్కిన పురావస్తు స్థలాలు ఉమ్మడి జాబితాలోని 40వ అంశం. భూమి రాష్ట్ర జాబితాలోని 18వ అంశం. అనగా జాతీయ జాబితాకు ఎక్కని రణక్షేత్రం విషయంలో చొరవ తీసుకొనే అధికారం రాష్ట్ర శాసనసభకు పుష్కలంగా ఉంది.

కేంద్ర స్థాయిలో 1904 నాటి చట్టం తరువాత 1958లో ప్రాచీన కట్టడాలు, పురావస్తు స్థలాలు, అవశేషాల చట్టం వచ్చింది. 2010 సవరణతో రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపై మరో 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతం ఏర్పడ్డాయి. జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ కూడా ఆ సవరణ ఫలితమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో రాష్ట్ర చట్టం అమలులోకి రాగా, తెలంగాణ శాసనసభ 2017లో తెలంగాణ వారసత్వ పరిరక్షణ చట్టాన్ని ఆమోదించింది. రాష్ట్రంలో ఈ బాధ్యతలను వారసత్వ తెలంగాణ శాఖ నిర్వహిస్తున్నది.

రణక్షేత్రాల దృష్ట్యా 1958 నాటి చట్టంలో మూడు చిక్కులు ఉన్నాయి.

మొదటిది నిర్వచనం. ప్రాచీన కట్టడం అంటే నిర్మాణం, సమాధి, గుహ, శిలాశిల్పం, శాసనం వంటివని చట్టం చెబుతున్నది. పురావస్తు స్థలం అంటే శిథిలాలు లేదా అవశేషాలు ఉన్నట్టి, లేక ఉన్నవని సహేతుకంగా నమ్మదగినట్టి ప్రాంతం. యుద్ధం జరిగిందన్న చారిత్రక కారణం ఒక్కటే ఖాళీ మైదానానికి రక్షణ కల్పించదు. ‘సహేతుకంగా నమ్మదగిన’ అన్న మాట కొంత వీలు కల్పిస్తున్నా, ఆ నమ్మకానికి ఆధారం చూపాలంటే ముందుగా సర్వే జరగాలి.

రెండవది కాలం. నూరేళ్లకు తక్కువ కాని ప్రాచీనత ఉండాలన్నది చట్టం నియమం. ఆ లెక్కన 1940 నాటి జోడేఘాట్ 2040 వరకు, 1948 నాటి బైరాన్‌పల్లి 2048 వరకు వేచి ఉండాలి. ఆనాటి సాక్షులు ఒక్కొక్కరే కనుమరుగవుతున్న తరుణంలో ఈ నిరీక్షణ ఖరీదైనది.

మూడవది కొలత. 100 మీటర్లు, 200 మీటర్లు అన్న గీతలు కట్టడం చుట్టూ గీచినవి. ఫిరంగి గుండు పడే దూరం, సేనలు విడిది చేసే విస్తీర్ణం ఈ గీతలకు లోబడవు.

పొంచి ఉన్న ముప్పు

ఇటువంటి ప్రదేశాలకు ప్రమాదం ఒక రూపంలో రాదు. గుప్త నిధుల ఆశతో కోటలలో, పాత గుళ్లలో జరిపే తవ్వకాలు అన్నింటికంటే హానికరం. నేలలో దొరికిన 10 రూపాయలకు మించిన విలువ గల నిధి గురించి కలెక్టరుకు తెలియజేయవలసిన బాధ్యతను 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం నాడే విధించింది. ఈ సంగతి గ్రామాలలో చాలామందికి తెలియదు. క్వారీలు, మొరం తవ్వకాలు, స్థిరాస్తి లేఅవుట్లు, రహదారుల విస్తరణ ఇతర కారణాలు. సంగారెడ్డి–నాందేడ్–అకోలా 161వ నంబరు జాతీయ రహదారి జుక్కల్ నియోజకవర్గం మీదుగా సాగుతున్నది. రహదారి వస్తే అభివృద్ధి వస్తుంది, దానితో పాటు భూమి ధర పెరుగుతుంది. ధర పెరిగిన తరువాత కంటే ముందుగా గుర్తించి పెట్టుకోవడమే వివేకం.

ప్రకృతి కూడా కాచుకొని ఉండదు. 1757 జూన్ 23 నాటి ప్లాసీ యుద్ధభూమిలో అధిక భాగాన్ని, ప్రసిద్ధమైన మామిడి తోపుతో సహా, భాగీరథీ నది కోసివేసింది. భారతదేశ చరిత్రనే మార్చిన ఆ పోరుకు నేడు స్మారక స్తంభమే దిక్కయింది.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలో 1863 జూలై 1 నుండి 3 వరకు జరిగిన గెటిస్‌బర్గ్ పోరు భూమిని 1895లో అక్కడి కాంగ్రెస్ జాతీయ సైనిక ఉద్యానంగా ప్రకటించింది. అయినా అన్ని రణక్షేత్రాలకూ అటువంటి రక్షణ లభించలేదు. వర్జీనియా రాష్ట్రంలోని మనాసస్ రణక్షేత్రం పక్కన వాణిజ్య సముదాయం తలపెట్టినప్పుడు 1988లో కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసి, భారీ పరిహారం చెల్లించి ఆ భూమిని స్వాధీనం చేసుకోవలసి వచ్చింది. ఆ అనుభవంతో 1990లో ఒక సలహా సంఘాన్ని నియమించారు. అంతర్యుద్ధానికి సంబంధించిన 384 ప్రధాన రణక్షేత్రాలను ఆ సంఘం 1993 నివేదికలో గుర్తించింది. 1996లో రణక్షేత్రాల పరిరక్షణ చట్టం వచ్చింది. ముప్పు ముంగిట నిలిచాక కొనడం కంటే ముందుగా లెక్క తీసుకోవడం చవక అన్నది అక్కడి చట్టసభ నేర్చిన పాఠం.

ఇంగ్లండ్ మార్గం వేరు. అక్కడ 1995లో 43 స్థలాలతో చారిత్రక రణక్షేత్రాల రిజిస్టరు సిద్ధమైంది. రిజిస్టరులో చేరిన భూమిని ప్రభుత్వం స్వాధీనం చేసుకోదు. రైతు యథావిధిగా దున్నుకోవచ్చు, పశువులను మేపుకోవచ్చు. అయితే ఆ భూమిలో నిర్మాణానికి అనుమతి కోరినప్పుడు, అది రణక్షేత్రమన్న సంగతిని స్థానిక సంస్థ తప్పక పరిగణించాలి. స్కాట్లండ్ సైతం ఇదే రీతిలో 2011 నుండి రణక్షేత్రాల జాబితాను నిర్వహిస్తున్నది. చిన్న కమతాలు, పట్టా భూములు అధికంగా ఉన్న మన ప్రాంతానికి ఈ పద్ధతి ఎక్కువగా నప్పుతుంది.

రైతుకు నష్టం లేని రక్షణ

రక్షిత ప్రాంతంగా ప్రకటిస్తారన్న మాట వినగానే గ్రామాలలో కలవరం కలగడం సహజం. ఇల్లు కట్టుకోవద్దంటారేమో, బోరు వేయవద్దంటారేమో, భూమి అమ్ముకోవడం కుదరదేమో అన్న సందేహాలు న్యాయమైనవే. ఆ భయమే పలుచోట్ల పరిరక్షణకు అడ్డంకిగా మారుతున్నది. రణక్షేత్రం విషయంలో ఆ భయానికి తావు లేకుండా చేయవచ్చు. యుద్ధం నాడు కూడా ఆ నేల చాలావరకు చేలూ బీళ్లే కనుక, సేద్యం సాగడమే ఆ నేలను కాపాడే ఉత్తమ మార్గం. అడ్డుకోవలసింది నాగలిని కాదు, క్వారీని, అడ్డగోలు తవ్వకాన్ని. ఈ తేడాను చట్టంలోనే స్పష్టంగా రాయగలిగితే రైతే పరిరక్షణకు తొలి కాపరి అవుతాడు.

శాసనకర్తలు చేయదగిన పనులు

ఈ నేపథ్యంలో శాసనసభ, శాసనమండలి సభ్యుల పరిశీలనకు రాదగిన అంశాలు ఇవి.

1. రణక్షేత్రాల జాబితా: జిల్లాల వారీగా పోరు భూములను గుర్తించి, ఆధారాలతో ఒక అధికారిక జాబితా రూపొందించడం. ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు. సభా తీర్మానం, శాఖాపరమైన ఉత్తర్వు చాలు.

2. నిర్వచనంలో చేర్పు: రాష్ట్ర చట్టంలో ‘చారిత్రక రణక్షేత్రం’ అన్న పదాన్ని ప్రత్యేకంగా నిర్వచించడం. స్వాతంత్ర్య, సాయుధ పోరాటాల స్థలాలకు నూరేళ్ల నియమం అడ్డురాకుండా సడలింపు కల్పించడం.

3. సర్వే నంబర్ల నమోదు: గుర్తించిన భూమి సర్వే నంబర్లను రెవెన్యూ రికార్డులలో ప్రత్యేక గుర్తుతో చూపడం. క్వారీ లీజు, లేఅవుట్ అనుమతి, భూ మార్పిడి దరఖాస్తు వచ్చిన వెంటనే సంబంధిత అధికారికి ఆ సంగతి తెలిసే వీలుంటుంది.

4. అంచెల రక్షణ: కోట, సమాధి, వీరగల్లు వంటి ఆనవాళ్లకు పూర్తి రక్షణ, చుట్టుపక్కల సాగుభూమికి తవ్వకాల నియంత్రణ మాత్రమే విధించడం.

5. గ్రామసభ భాగస్వామ్యం: హద్దులు నిర్ణయించే ముందు గ్రామసభలో చర్చించడం. 1958 నాటి చట్టం సైతం కట్టడాన్ని రక్షితంగా ప్రకటించే ముందు 2 నెలల గడువుతో అభ్యంతరాలు ఆహ్వానిస్తుంది. ఆ స్ఫూర్తిని గ్రామస్థాయికి తీసుకురావాలి.

6. నిధులు: 1996లో ఏర్పడిన జాతీయ సంస్కృతి నిధి వంటి మార్గాలను, బడ్జెట్ పద్దులను వినియోగించుకోవడం.

సభలో ఈ అంశాలను లేవనెత్తేందుకు ప్రశ్నోత్తరాల సమయం, శూన్య గంట, పద్దులపై చర్చ, అనధికార తీర్మానం వంటి అవకాశాలు సభ్యులకు ఉన్నాయి. పార్టీల భేదం లేని అంశం కనుక ఏకాభిప్రాయం సాధ్యమే. కౌలాస్ వంటి సరిహద్దు దుర్గాల విషయంలో పొరుగు రాష్ట్రాల శాసనకర్తలతో సమన్వయం కూడా మేలు చేస్తుంది. నాటి సేనలు నడిచిన దారులు నేటి రాష్ట్రాల ఎల్లలను ఎరుగవు కదా.

అధికారులకు, పాత్రికేయులకు

మండల స్థాయి అధికారులు పాత పహాణీలు, గ్రామ పటాలలోని స్థలనామాలను సేకరించి భద్రపరచడం ఉపయోగకరం. ఫలానా మిట్ట, ఫలానా గుట్ట, ఫలానా బావి అన్న పేర్లలో తరచూ చరిత్ర దాగి ఉంటుంది. పొలంలో పాత వస్తువు దొరికితే దానిని కదిలించక ముందే ఫొటో తీయించి, చోటును గుర్తించి, తహసీల్దారు ద్వారా పురావస్తు అధికారులకు తెలియజేయాలని రైతులకు అవగాహన కల్పించాలి. తెచ్చి ఇచ్చిన రైతును అనుమానించక అభినందించాలి.

పాత్రికేయులు రాసే ప్రతి వార్త రేపటి చరిత్రకు ముడిసరుకు. మృతుల సంఖ్య, తేదీ, వంశ వివరాలలో జనశ్రుతిని జనశ్రుతిగా, ఆధారాన్ని ఆధారంగా వేరుచేసి రాయడం అవసరం. నిధులు దొరికాయన్న పుకార్లకు పతాక శీర్షికలు ఇస్తే మరునాటికి పార పట్టుకొని బయలుదేరేవారు ఉంటారన్న సంగతి మరువరాదు.

రణక్షేత్రాల పరిరక్షణ అంటే యుద్ధాన్ని కీర్తించడం కాదు, పాత పగలను రాజేయడం అంతకంటే కాదు. కౌలాస్ కొండ మీద గుడీ దర్గా కలిసి ఉన్నాయి. అక్కడ పోరాడినవారిలో గెలిచిన పక్షమూ ఓడిన పక్షమూ ఉన్నాయి. 1857లో తుర్రేబాజ్ ఖాన్ హైదరాబాదులో, దీప్ సింగ్ కౌలాస్‌లో ఒకే లక్ష్యానికి నిలిచారు. ఇరుపక్షాల మృతులనూ సమానంగా స్మరించే చోటుగా పోరు భూమి నిలిస్తేనే పరిరక్షణకు సార్థకత.

క్లుప్తంగా

– 1350: కాపయ నాయకుని నుండి బహమనీల చేతికి కౌలాస్
– 1358 తరువాత: కౌలాస్ కోసం వినాయక దేవుని విఫల యత్నం
– 1687: గోల్కొండ పతనం, మొగలాయీ పాలన
– 1859: 1857 నాటి పోరుకు మద్దతిచ్చిన రాజా దీప్ సింగ్‌కు శిక్ష
– 1949: జాగీర్ల రద్దు
– 1958, 1960, 2017: కేంద్ర, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పరిరక్షణ చట్టాలు
– 2016 అక్టోబరు 11: కామారెడ్డి జిల్లా ఆవిర్భావం, జుక్కల్ మండలం ఈ జిల్లాలోకి

కూలిన గోడను మళ్లీ కట్టవచ్చు. తవ్విపోసిన గుట్టను, చదునైన మైదానాన్ని ఎవరూ తిరిగి తేలేరు. తొలి అడుగు జాబితా తయారీ. దానికి పెద్ద వ్యయం అక్కరలేదు, సభలో ఒక సభ్యుడు లేచి అడిగితే చాలు. కౌలాస్ పేరు ఆ జాబితాలో ముందు వరుసలో ఉండదగినది.